ఆ ఒక్క లైన్ ఎందుకు తీసేశావ్?

"నా సిస్టమ్‌లో మంచిగనే నడుస్తుంది కదా!"

ఇంజనీరింగ్ కాలేజీలో చేరి ఈ మాట ఒక్కసారి కూడా అననివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. నేనైతే ఎత్తలేను. ఈ మాటని నేను మూడు వారాల పాటు ఒకే మనిషితో అన్నాను. ఆ మూడు వారాల గురించి, ఆ తర్వాత మా హైదర్‌గూడ రూమ్‌లో పెట్టుకున్న పాత డెస్క్‌టాప్ గురించి, అందులో ఉన్న అరవై లైన్ల పైథాన్ స్క్రిప్ట్ గురించి ఈ సంచికకి రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ప్రాజెక్ట్ మొదలైన మొదటి వారంలోనే బిల్డ్ సర్వర్ పెట్టుకోండి. దాని సెట్టింగులు ఎక్కడో క్లిక్ చేసి వదిలేయకుండా, టీమ్‌లో అందరూ చదవగలిగే స్క్రిప్ట్‌గా రాసుకోండి. రెజ్యూమేలో "డెవాప్స్" అని ఒక పదం చేర్చుకోవడానికి కాదు. టీమ్‌లో గట్టిగా మాట్లాడలేని వాళ్ళ మాట కూడా చెల్లడానికి.

కొంచెం వివరంగా చెప్తాను.

మా మినీ ప్రాజెక్ట్

మేం నలుగురం. మన క్లబ్ పాత సంచికలన్నీ టెక్స్ట్ ఫైళ్ళుగా ఉన్నాయి. ఏ పదం ఏ సంచికలో, ఏ పేజీలో వచ్చిందో వెతికిపెట్టే ప్రోగ్రాం రాద్దామనుకున్నాం. వినడానికి చిన్నదే. తెలుగు అక్షరంతో పని పెట్టుకున్నాక గానీ అసలు సంగతి తెలియలేదు.

ఉదాహరణకి "స్త్రీ" అనే మాట తీసుకోండి. మనకది ఒక్క అక్షరం. పైథాన్‌ని పొడవెంత అని అడిగితే ఆరు అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం - ఇవన్నీ దానికి విడివిడి గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు, కాబట్టి ఆ ఒక్క అక్షరం ఫైల్లో 18 బైట్లు ఆక్రమిస్తుంది. ఇంకో తలనొప్పి "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలు. కొందరు ట, వ కలిసిపోకుండా మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెట్టి టైప్ చేస్తారు, కొందరు పెట్టరు. చూడ్డానికి రెండూ ఒకే మాట. కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు. ఒకదాని కోసం వెతికితే ఇంకోటి దొరకదు.

ముగ్గురం అబ్బాయిలం, మా దగ్గర లైనక్స్. నాలుగో మెంబర్ ఒక అమ్మాయి, నారాయణగూడలో హాస్టల్. ఆమెది వాళ్ళ అన్న వాడి ఇచ్చిన పాత విండోస్ ల్యాప్‌టాప్. మొదటి వారంలోనే ఆమె గ్రూప్‌లో మెసేజ్ పెట్టింది: "నా దాంట్లో నడవట్లేదు. ఫైల్ తెరవడంలోనే ఆగిపోతుంది."

మా ముగ్గురి జవాబు మీరు ఊహించగలరు. మొదట "మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్". తర్వాత "నీ ల్యాప్‌టాప్ పాతది కదా". చివరికి "నా సిస్టమ్‌లో మంచిగనే నడుస్తుంది". ఆమె రెండుసార్లు పైథాన్ తీసేసి మళ్ళీ వేసుకుంది. మూడోసారి అడగలేదు. మేం కూడా ఆలోచించకుండానే ఆమెకి పీపీటీ, రికార్డ్ పని అప్పజెప్పేశాం. మీటింగుల్లో ఆమె మాట్లాడ్డం తగ్గిపోయింది. అదేదో ఆమె స్వభావం అనుకున్నాం.

అశోక్‌నగర్ వాళ్ళకి తెలిసింది మనకి తెలియదు

ఈ మధ్యలో ఒక ఆదివారం చిక్కడపల్లి వైపు టిఫిన్‌కి వెళ్ళా. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు పొద్దున్నే మాక్ టెస్ట్ రాసి, హోటల్ దగ్గర చాయ్ తాగుతూ కీ చూసుకుంటున్నారు. "పాలిటీలో నాలుగు పోయినయ్ అన్నా," అంటున్నాడొకాయన. అందులో సిగ్గు లేదు, భయం లేదు. ఇవాళ పోతేనే మంచిది, అసలు పరీక్షలో పోకుండా ఉంటాయి అన్న లెక్క. అక్కడి నుంచి సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి ఆ నాలుగూ మళ్ళీ చదువుతారు.

ఆ పక్క వీధుల్లోనే ఉండే మనం మాత్రం ప్రాజెక్ట్‌ని తిన్నగా రివ్యూ రోజే మొదటిసారి పరీక్షిస్తాం. నలుగురు రాసిన కోడ్ ముందురోజు రాత్రి ఒకచోట కలుపుతాం. పొద్దున్న నాలుగింటికి ఏదో ఒక ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఆ ల్యాప్‌టాప్‌ని పసిపిల్లలా ఎత్తుకుని, షట్‌డౌన్ చేయకుండా, మూత కూడా వేయకుండా కాలేజీకి తీసుకెళ్తాం. ఇందులో నేనేమీ పెంచి చెప్పడం లేదని మీకూ తెలుసు.

కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ అంటే ఇంతకంటే పెద్ద వేదాంతం ఏమీ కాదు. వారానికొక మాక్ టెస్ట్ బదులు, ఎవరు కోడ్ పెట్టినా వెంటనే ఒక మాక్ టెస్ట్. అదీ రాసినవాడి ల్యాప్‌టాప్‌లో కాదు, సంబంధం లేని వేరే మెషిన్లో, కోడ్‌ని మొదటి నుంచి దింపుకుని. 1990ల చివర్లో కెంట్ బెక్ వాళ్ళు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లో దీన్నొక నియమంగా పెట్టారు. 2000లో మార్టిన్ ఫౌలర్ దీని మీద వ్యాసం రాశాక బాగా ప్రచారంలోకి వచ్చింది. మనం చేస్తున్న నాలుగింటి జాగారానికి మందు పాతికేళ్ళ క్రితమే ఉంది.

ఆ మధ్యాహ్నమే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి ఒక పాత డెస్క్‌టాప్ కొన్నాం, తలా కొంత వేసుకుని. ఆటోలో హైదర్‌గూడ వచ్చేసరికి దాని సైడ్ ప్యానెల్ ఊడిపోయింది. ఇప్పటికీ అది లేకుండానే నడుస్తోంది.

స్క్రిప్ట్‌లో ఏముంది

మేం వాడింది బిల్డ్‌బాట్. 2003లో బ్రయన్ వార్నర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ పని. పైథాన్‌లో రాసిందే. పైథాన్ భాషని తయారుచేసేవాళ్ళు కూడా తమ కోడ్‌ని దీంతోనే రకరకాల మెషిన్ల మీద పరీక్షిస్తారు. ఆ మెషిన్లలో చాలావరకు వాలంటీర్లు ఇచ్చినవే. ఇది చదివాక మా ఊడిన ప్యానెల్ డెస్క్‌టాప్ మీద నాకు కొంచెం గౌరవం పెరిగింది.

బిల్డ్‌బాట్‌లో రెండు పాత్రలు. మాస్టర్, వర్కర్. మాస్టర్ పని చెప్తుంది, వర్కర్ చేస్తుంది. మాస్టర్‌కి సెట్టింగుల పేజీ అంటూ ఏమీ ఉండదు. ఒకే ఒక్క ఫైల్ ఉంటుంది, అది మామూలు పైథాన్ స్క్రిప్ట్. అందులో ఒక డిక్షనరీ కడతాం. మొదటి సంవత్సరం పైథాన్ ల్యాబ్‌లో నేర్చుకున్న డిక్షనరీయే, వేరేది కాదు. ఆ డిక్షనరీలో ఐదారు విషయాలు చెప్పాలి.

ఒకటి, వర్కర్లు ఎవరు, వాళ్ళ పాస్‌వర్డ్ ఏంటి. నమూనా ఫైల్లో పాస్‌వర్డ్ "పాస్" అనే ఉంటుంది. దయచేసి మార్చండి. రెండు, కోడ్ ఎక్కడుంది. మా రూమ్ వైఫైకి బయటి నుంచి వచ్చి తలుపు తట్టే దారి లేదు కాబట్టి, సర్వరే ఐదు నిమిషాలకోసారి రిపోజిటరీకి వెళ్ళి "కొత్తదేమైనా ఉందా" అని అడిగేలా పెట్టాం. మూడు, షెడ్యూలర్. కొత్త కోడ్ కనపడగానే ఎగబడకుండా రెండు నిమిషాలు ఆగు, వెనకాలే ఇంకో మార్పు రాకపోతే అప్పుడు మొదలుపెట్టు అని చెప్తాం. నాలుగు, బిల్డర్. కోడ్ దింపు, లైబ్రరీలు వెయ్, టెస్టులు నడుపు, ఒకటి ఫెయిలైతే అక్కడే ఆగు అని వరసగా మెట్లు రాస్తాం. ఐదు, ఫలితం ఎవరికి చెప్పాలి. ఆరు, బ్రౌజర్‌లో చూసుకోవడానికి ఏ పోర్ట్.

స్క్రిప్ట్ కావడం వల్ల లాభం బిల్డర్ల దగ్గర తెలుస్తుంది. లైనక్స్‌కి ఒకటి, విండోస్‌కి ఒకటి అని విడివిడిగా అవే మెట్లు రెండుసార్లు రాయక్కర్లేదు. మెషిన్ల పేర్లు ఒక లిస్టులో పెట్టి, కింద ఒక ఫర్ లూప్. లిస్టులో ఒక లైన్ చేరిస్తే కొత్త మెషిన్ చేరుతుంది, ఒక లైన్ తీసేస్తే ఒక మెషిన్ పోతుంది. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి.

లైనక్స్ వర్కర్ ఆ డెస్క్‌టాప్ మీదే పెట్టాం. విండోస్ వర్కర్‌గా మా రూమ్మేట్‌ది స్క్రీన్ పగిలిన ల్యాప్‌టాప్ ఒకటి మంచం కింద ఉంటే తీశాం. సర్వర్ సెట్టింగుల ఫైల్ కూడా మిగతా కోడ్‌తో పాటే రిపోజిటరీలో ఉండాలి, మాస్టర్ దాన్ని అక్కడి నుంచే తీసుకోవాలి, ఎవరూ చేత్తో నేరుగా మార్చకూడదు అని నియమం పెట్టుకున్నాం. ఆ నియమం పెట్టింది నేనే.

నేను చేసిన పని

ఆదివారం రాత్రి పదకొండున్నరకి మొదటి బిల్డ్. లైనక్స్ గ్రీన్. రూమ్‌లో చప్పట్లు. విండోస్ రెడ్.

బుధవారం రివ్యూ. మెయిల్ పంపే సెట్టింగ్ ఇంకా పెట్టలేదు కాబట్టి ఆ రెడ్ చూసింది నేనొక్కడినే. లాగ్ తెరిచా. పొడుగ్గా ఉంది. చివరి లైన్లో డీకోడ్ అనే మాట కనపడింది. మూసేశా. "రివ్యూలో చూపించేది లైనక్స్‌లోనే కదా, విండోస్ సంగతి తర్వాత చూద్దాం" అనుకున్నా. స్క్రిప్ట్ తెరిచి, లిస్టులో విండోస్ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టా. కమిట్ మెసేజ్‌లో "క్లీనప్" అని రాశా. సర్వర్‌కి రీకాన్ఫిగ్ ఇచ్చా. ఇప్పుడు పేజీ అంతా గ్రీన్. స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టి పడుకున్నా.

సోమవారం పొద్దున్న ఆమె దగ్గర్నుంచి నాకు విడిగా మెసేజ్.

"ఆ ఒక్క లైన్ ఎందుకు తీసేశావ్?"

ఆమెకి బిల్డ్‌బాట్ గురించి అప్పటికి ఏమీ తెలియదు. కానీ పైథాన్ తెలుసు. నా కమిట్‌లో ఏం మారిందో చూసింది. విండోస్ అని రాసున్న లైన్ ముందు హ్యాష్ చేరింది. పైన నా పేరు, టైమ్. ఇది అర్థం కావడానికి సర్వర్ గురించి తెలియక్కర్లేదు.

చాలాసేపు జవాబివ్వలేకపోయా. "రెడ్ వచ్చింది, అందుకే" అని రాశా చివరికి. ఆమె తిట్టలేదు. "లాగ్ పంపు" అంది, అంతే.

మధ్యాహ్నం ల్యాబ్‌లో పక్కపక్కన కూర్చుని చదివాం. ప్రోగ్రాం ఆగిపోయింది ఒక సంచిక ఫైల్ మొదటి పదం దగ్గరే. ఆ పదం "తెలుగు". అందులో 12వ బైటు విలువ 129, అది నాకు అర్థం కాలేదు అంటోంది పైథాన్.

కాగితం మీద లెక్క వేసింది ఆమే. త మూడు బైట్లు, ఎకారం మూడు, ల మూడు, ఉకారం మూడు. 12వ బైటు అంటే మొదటి ఉకారంలో చివరి బైటు. ఫైల్ తెరిచేటప్పుడు అది యూటీఎఫ్-8లో ఉంది అని మనం చెప్పకపోతే, విండోస్‌లో పైథాన్ ఆ మెషిన్ సొంత అలవాటు ప్రకారం చదువుతుంది. మన దగ్గర మామూలుగా అది సీపీ-1252, పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పట్టిక. అందులో 129కి ఎదురుగా ఏ అక్షరమూ లేదు. ఖాళీ గడి. పొల్లు గుర్తు చివరి బైటు 141, అదీ ఖాళీయే. అంటే ఉకారం వచ్చినా, ఒత్తు వచ్చినా ప్రోగ్రాం అక్కడే కూలబడుతుంది. "తెలుగు" అన్న మాటనే తెరవలేని తెలుగు ప్రోగ్రాం రాశామన్నమాట. లైనక్స్‌లో అలవాటే యూటీఎఫ్-8 కాబట్టి మా ముగ్గురికీ ఆ తప్పు కనపడలేదు. 3.15 వెర్షన్ నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్-8నే అలవాటుగా చేయాలని పైథాన్ వాళ్ళు నిర్ణయించారు. మేం వాడుతున్నది దానికంటే పాతది.

ఫైల్ తెరిచే ఆ లైన్ రాసింది నేను. ఆరు చోట్ల అలాగే రాశా. ఆరు చోట్లా ఎన్‌కోడింగ్ చేర్చడానికి పట్టింది ఐదు నిమిషాలు. మూడు వారాల క్రితం ఆమె పెట్టిన మెసేజ్ మళ్ళీ తీసి చూశా. "ఫైల్ తెరవడంలోనే ఆగిపోతుంది." ఇంతకంటే సూటిగా ఎవరు చెప్తారు?

సారీ చెప్పా. "సారీ సరే, ఆ లైన్ మళ్ళీ పెట్టు," అంది.

స్క్రిప్ట్ అయితేనే ఎందుకు

ఇప్పుడు నా వాదన. అదే సర్వర్‌ని నేను బ్రౌజర్‌లో క్లిక్కులతో సెట్ చేసి ఉంటే ఏమయ్యేది? ఒక టిక్ తీసేసేవాణ్ణి. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు అన్నది మా టీమ్‌లో ఎవరికీ తెలిసేది కాదు. గ్రీన్ స్క్రీన్‌షాట్ ఒక్కటే మిగిలేది. ఆమె ల్యాప్‌టాప్ పాతది అన్న అబద్ధానికి ఒక సర్వర్ సాక్ష్యం కూడా దొరికేది.

స్క్రిప్ట్ నన్ను ఆపలేదు. నిజం చెప్పాలంటే ఏ టూలూ ఆపదు. కానీ నేను చేసిన పనిని నా పేరుతో, అందరికీ చదవడానికి వీలుగా రాసి పెట్టింది. టీమ్‌లో అందరికంటే తక్కువ మాట వినబడే మనిషి దాన్ని చదివి ఒక ప్రశ్న అడగగలిగింది. బిల్డ్ సర్వర్ వల్ల విద్యార్థులకి నిజమైన లాభం ఇదని నా నమ్మకం. సీనియరా, టాపరా, ఎవరి ల్యాప్‌టాప్ ఖరీదైనది అన్న లెక్కలు దానికి ఉండవు. అసలు ఏ పరీక్ష పెట్టాలన్నది మాత్రం ఆ ఫైల్ చెప్తుంది. అందుకే ఆ ఫైల్ అందరూ చదవగలిగేదై ఉండాలి.

ఇది విద్యార్థుల గొడవ మాత్రమే అనుకోకండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ దాదాపు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉంటే ఒకదాంట్లో పెట్టడం మర్చిపోయారు. చేత్తో చేసిన పని, రెండో మనిషి సరిచూడాలన్న రాతపూర్వక నియమం లేదు. చేత్తో చేసిన పనికి గుర్తు మిగలదు. మిగలకపోతే ప్రశ్న అడిగేవాళ్ళే ఉండరు.

తెలుగు వాళ్ళకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు మన "జ్ఞా" దెబ్బకి కూలిపోయాయి, గుర్తుందా? జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కనపడని గుర్తు ఒకటి, చివర దీర్ఘం. ఇది మెసేజ్‌లో వస్తే చాలు, ఆ యాప్ ఆగిపోయేది. ఆపిల్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది. నేను పైన "సాఫ్ట్‌వేర్"లో చెప్పిన కనపడని గుర్తే ఇక్కడా ఉంది. ప్రపంచంలో అంత పెద్ద కంపెనీ పరీక్షల నుంచే మన అక్షరం తప్పించుకుంది. మన అక్షరాలని పరీక్షల్లో పెట్టాల్సిన బాధ్యత మనది కాకపోతే ఎవరిది? ఇప్పుడు మా టెస్టుల్లో స్త్రీ, జ్ఞానం, సాఫ్ట్‌వేర్ రెండు రకాలుగా, ముందుగా "తెలుగు" - అన్నీ ఉన్నాయి. ప్రతి కమిట్‌కీ రెండు మెషిన్ల మీదా నడుస్తాయి.

మీరు అడగబోయేవి

"చిన్న ప్రాజెక్ట్‌కి ఇంత అవసరమా?" మా ప్రాజెక్ట్ మొత్తం తొమ్మిది వందల లైన్లు. సర్వర్ పెట్టడానికి ఒక ఆదివారం పట్టింది. మూడు వారాల పాటు ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టడం కంటే అది చవకే.

"సొంత సర్వర్ ఎందుకు, గిట్‌హబ్ యాక్షన్స్ ఫ్రీగా ఉంది కదా?" ఉంది. పబ్లిక్ రిపోజిటరీ అయితే హాయిగా వాడండి, విండోస్ మెషిన్ కూడా ఇస్తారు. అక్కడ సెట్టింగులు పైథాన్‌లో కాక యామల్‌లో రాస్తారు, కానీ అదీ రిపోజిటరీలో ఉండే ఫైలే. జెంకిన్స్‌లో కూడా క్లిక్కుల బదులు జెంకిన్స్‌ఫైల్ రాసుకోవచ్చు. అమీర్‌పేటలో కోర్సుకి వెళ్ళినా ముందు దాని గురించే అడగండి. నా పట్టుదల బ్రాండ్ మీద కాదు. సొంతంగా ఒకసారి మాస్టర్, వర్కర్ పెట్టి చూస్తే తెర వెనక ఏం జరుగుతుందో అర్థమవుతుంది. ఆ తర్వాత ఎక్కడైనా వాడుకోవచ్చు. మా దాంట్లో కరెంట్ పోతే సర్వర్ పోతుంది, అదీ చెప్పాలి కదా.

"స్క్రిప్ట్‌తో ఇబ్బందులు లేవా?" ఉన్నాయి. పైథాన్ చేతికొచ్చింది కదా అని నేను మొదట క్లాసులూ డెకరేటర్లూ పెట్టి రెండొందల లైన్లు రాశా. నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. అలాంటిదానికి, క్లిక్కులకి తేడా లేదు. ఇప్పుడు అరవై లైన్లకి దింపాం. ఇంకోటి, ఆ ఫైల్ నిజమైన ప్రోగ్రాం కాబట్టి, దాన్ని మార్చగలిగినవాడు మీ సర్వర్ మీద ఏదైనా నడపగలడు. అందుకని ఎవరు మార్చినా ఇంకొకరు చదివాకే చేర్చాలి. మెయిల్ పాస్‌వర్డ్ లాంటివి అందులో రాయకండి. వేరే ఫైల్లో పెట్టి, దాన్ని రిపోజిటరీలోకి రానివ్వకండి. మార్చిన ప్రతిసారీ సర్వర్‌కి ఇచ్చేముందు చెక్‌కాన్ఫిగ్ కమాండ్ నడపండి. కామా మర్చిపోతే అదే చెప్తుంది.

ఒక కోరిక

మన రివ్యూల్లో మొదటి మార్కులు పీపీటీకి పడతాయి. నా కోరిక ఏంటంటే, మొదటి రివ్యూలో ఒకే ఒక్క ప్రశ్న చేర్చాలి: "టీమ్‌లో ఎవరిదీ కాని మెషిన్లో, మొదటి నుంచి దింపుకుని నడిపి చూపించండి." ప్రోగ్రాం ఒక్క వాక్యం ప్రింట్ చేసేదైనా పర్లేదు. అలా నడిచే సెట్టింగుల ఫైల్ మొదటి వారంలో ఉంటే, మిగతా మూడు నెలలు అది తప్పులు పట్టిస్తూనే ఉంటుంది. ఫైనల్ ఇయర్ వాళ్ళు వెళ్ళిపోయినా ఆ ఫైల్ జూనియర్లకి మిగులుతుంది. "అన్నా, అది ఎట్ల సెట్ చేసినవ్?" అని బెంగళూరుకి ఫోన్ చేసే పని తప్పుతుంది.

బుధవారం రివ్యూలో విండోస్ రెడ్ కథ ఆమే చెప్పింది, బోర్డు మీద 12 బైట్లూ గీసి మరీ. పీపీటీ పని అప్పటి నుంచి నాది. సర్వర్ ఫైల్‌కి ఇప్పుడు బాధ్యురాలు ఆమె. విండోస్ లైన్ పైన తెలుగులోనే ఒక కామెంట్ రాసిపెట్టింది: "ఈ లైన్ తీసేయాలనుకుంటే ముందు లాగ్ చదవండి. చదివాక కూడా తీసేయాలనిపిస్తే నాకు ఫోన్ చేయండి."

డెస్క్‌టాప్ ఇంకా హైదర్‌గూడ రూమ్‌లోనే నడుస్తోంది. వచ్చే సెమ్‌లో ప్రాజెక్ట్ ఉన్న జూనియర్లు ఎవరైనా ఆ అరవై లైన్లు చూడాలనుకుంటే క్లబ్ రూమ్‌లో శనివారం మధ్యాహ్నం కలవండి. చాయ్ నాది. ప్రశ్నలకి జవాబులు మాత్రం ఆమె చెప్తుంది.